ఒక్క కీలు చాలు

మూడో సంవత్సరం ఇంజినీరింగ్ విద్యార్థి రెజ్యూమె తీసి ప్రాజెక్టుల దగ్గర చూడండి. గీత వెంట నడిచే బండి, అడ్డమొస్తే పక్కకు తప్పుకునే బండి, బ్లూటూత్‌తో నడిచే బండి, చేతి సైగతో కదిలే రోబో చేయి, మనిషి దగ్గరికొస్తే మూత తెరిచే చెత్తబుట్ట. ఐదూ వేర్వేరుగానే కనిపిస్తాయి. విప్పి బల్లమీద పరిస్తే మాత్రం అన్నింట్లోనూ అవే సామాన్లు: ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, ఒక ఎల్298ఎన్ డ్రైవరు, పసుపురంగు బీవో మోటార్లు, ఒకటో రెండో ఎస్‌జీ90 సర్వోలు, ఒక అల్ట్రాసోనిక్ సెన్సరు. సామాన్లు అవే అయినందుకు తప్పు పట్టనక్కర్లేదు. చిక్కంతా ఈ ఐదింట్లో ఒక్కటి కూడా ‘కదులుతోందా, లేదా’ అన్న ప్రశ్నను దాటి అడుగు ముందుకెయ్యకపోవడంలో ఉంది. ఎంత బరువు మోస్తుంది, చెప్పిన చోట ఎంత కచ్చితంగా ఆగుతుంది, ఎంతసేపటికి వేడెక్కుతుంది అని అడిగితే జవాబుండదు. 1 ఆంపియర్ లాగేటప్పుడు ఎల్298ఎన్ తనే రెండు వోల్టుల దాకా మింగేస్తుంది. నాలుగు సెల్లులు పెట్టి 6 వోల్టులు ఇచ్చామనుకుంటాం, మోటారుకు చేరేది నాలుగే. ఈ సంగతి తెలియకుండానే మూడు బళ్లు తయారైపోతాయి, మూడింటికీ మార్కులు కూడా పడతాయి.

ఎలక్ట్రోమెకానికల్ డిజైన్ మీదా, రోబోల మీదా నిజంగా మనసున్న విద్యార్థికి ఈ అధ్యాయం ఇచ్చే సలహా ఒక్కటే. రోబో మొత్తాన్ని పక్కనపెట్టి, అందులో ఒక్క కీలును పట్టుకోండి. దాన్ని అంకెలతో గీసి, చేసి, కొలిచి, విప్పి, మళ్లీ చేయండి. కీలు అంటే ఇక్కడ ఒక మోటారు, దాని గేర్లు, ఇరుసు, దాన్ని మోసే బేరింగు, ఎక్కడున్నదీ చెప్పే సెన్సరు, కరెంటు పంపే డ్రైవరు, వీటన్నిటినీ నడిపించే కోడ్. మెకానికల్, ఎలక్ట్రికల్, ప్రోగ్రామింగ్ మూడూ ఒకదాన్నుంచి ఒకటి తప్పించుకోలేకుండా కలిసే అతి చిన్న చోటు అదే. బండిలో చక్రం కొంచెం వంకరగా ఉన్నా ఎలాగో దొర్లుతుంది, లోపం బయటపడదు. బరువు మోస్తూ నిలబడాల్సిన కీలులో ఏ ఒక్క భాగం తక్కువైనా వెంటనే కనిపిస్తుంది: వణుకుతుంది, మూలుగుతుంది, వాలిపోతుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఇంతకంటే నిజాయతీ గల యంత్రం దొరకదు.

ఒక్కదానితో మొదలుపెట్టడం తక్కువ పని అనుకునేవాళ్లు మార్క్ రైబర్ట్ ఏం చేశారో చూడాలి. 1980లో ఆయన అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో లెగ్ ల్యాబ్ పెట్టారు. (దానికి ఏడాది ముందు అక్కడ మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు వ్యవస్థాపక డైరెక్టరు మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. ఆయన ప్రస్తావన ఇంకోసారి వస్తుంది.) నడిచే యంత్రమంటే అప్పట్లో చాలామంది నాలుగో ఆరో కాళ్లు పెట్టి, ఎప్పుడూ కనీసం మూడు నేలమీద ఉండేలా చూసుకుని, మెల్లగా పాకించేవారు. రైబర్ట్ ఒంటికాలి యంత్రం కట్టారు. ఒంటికాలితో ఊరికే నిలబడటం కుదరదు, గెంతుతూనే ఉండాలి. కాళ్ల మధ్య పొత్తు కుదర్చడం అనే తలనొప్పి అందులో అసలే లేదు. పడిపోకుండా ఉండటమెలా అన్న ప్రశ్న మాత్రం ప్రతి గెంతులోనూ ఎదురవుతుంది. ఆ ప్రశ్నను ఆయన మూడు ముక్కలు చేశారు. గెంతు ఎంత ఎత్తు ఉండాలన్నది ఒకటి. ముందుకు పోయే వేగం రెండోది, దాన్ని పాదం ఎక్కడ మోపాలన్నదాంతో సరిచేశారు. ఒళ్లు వాలకుండా చూసుకోవడం మూడోది. తర్వాత నాలుగు కాళ్ల యంత్రం కట్టినప్పుడు, జతగా కదిలే రెండు కాళ్లను ఒక ఊహా కాలుగా లెక్కగట్టి, ఒంటికాలి దగ్గర దొరికిన సూత్రాన్నే వాడుకున్నారు. 1992లో ఆయన పెట్టిన బోస్టన్ డైనమిక్స్ సంస్థ నాలుగు కాళ్ల రోబోలను ఇప్పుడు లోకమంతా వీడియోల్లో చూస్తోంది. వాటి మూలం ఆ గెంతే కాలులో ఉంది.

రైబర్ట్ ప్రొఫెసరు కదా, విద్యార్థి ఎవరైనా ఇలా చేశారా అని అడగడం న్యాయమే. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎమ్‌ఐటీ)లో చదివిన బెన్ క్యాట్జ్ అలాంటి విద్యార్థి. 2016లో బ్యాచిలర్ డిగ్రీకి రాసిన థీసిస్, 2018లో మాస్టర్స్‌కు రాసిన థీసిస్ రెండింటి విషయమూ ఒకటే: గెంతే, పరిగెత్తే రోబోలకు పనికొచ్చే చవకైన యాక్చువేటరు. మన భాషలో చెప్పాలంటే ఒక్క కీలు. ఏళ్లపాటు దాన్నే పట్టుకుని కూర్చున్నారు. 2019లో ఆయన పనిచేసిన ల్యాబు మినీ చీతా అనే నాలుగు కాళ్ల రోబోను చూపించింది. కాలికి మూడు చొప్పున పన్నెండు కీళ్లు, పన్నెండూ ఒకే అచ్చు. తొమ్మిది కిలోల ఆ రోబో నిలబడ్డ చోటే వెనక్కి పిల్లిమొగ్గ వేసింది. మోటార్లు డ్రోన్లకూ, రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానాలకూ వాడే రకానివి. అంటే బజారులో కొనగలిగినవి.

ఆ కీలులో ఉన్న అసలు తెలివి గేర్ల లెక్కలో ఉంది, అది ప్రతి విద్యార్థికీ అర్థమయ్యేదే. మోటారు వేగాన్ని గేర్లతో తగ్గించి, బదులుగా బలం పెంచుకోవడం మామూలు పద్ధతి. మనం కొనే హాబీ సర్వోలో ఈ తగ్గింపు వందల రెట్లు ఉంటుంది. అందుకే దాని కొమ్మును చేత్తో తిప్పబోతే మొండికేస్తుంది. బయటి నుంచి తగిలిన దెబ్బ గేర్ల పళ్లమీదే పడుతుంది, మోటారు దాకా పోదు. పళ్లు అరిగేదీ, విరిగేదీ అందుకే. క్యాట్జ్ ఆరు రెట్ల తగ్గింపుతో సరిపెట్టుకున్నారు. మోటారే వెడల్పుగా, బలంగా ఉండేది ఎంచుకుని, ఆ గేర్లను మోటారు బొడ్డులోనే ఇమిడ్చారు. అలా చేస్తే కీలును చేత్తో తేలిగ్గా వెనక్కి తిప్పొచ్చు, దెబ్బ తగిలితే తనంత తానే లొంగుతుంది. లాగుతున్న కరెంటును బట్టి ఎంత బలం పెడుతోందో చెప్పొచ్చు, దానికి వేరే సెన్సరు అక్కర్లేదు. అయితే నష్టమూ ఉంది. గేర్లు తక్కువ కాబట్టి బరువు మోస్తూ నిలబడితే చాలు, మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఈ లాభనష్టాలను పక్కపక్కన పెట్టి, నా రోబో గెంతాలి కాబట్టి ఇది కావాలి, అది వద్దు అని తేల్చుకోవడాన్నే డిజైన్ అంటారు. కిట్ కొన్నవాళ్లకు ఆ తేల్చుకునే అవకాశం రాదు, ఎవరో ముందే తేల్చేసి డబ్బాలో పెట్టి ఇచ్చారు.

ఇదే విద్యార్థి జారెడ్ డి కార్లోతో కలిసి 2018లో రూబిక్స్ క్యూబును 0.38 సెకన్లలో విప్పే యంత్రం చేశారు. అంతకు ముందు రికార్డు 0.637 సెకన్లు. క్యూబు విప్పడమంటే అందరి దృష్టీ లెక్క మీదకే పోతుంది. ఏ తిరకాసు క్యూబునైనా 20 మలుపుల్లోపు విప్పొచ్చని 2010లోనే కంప్యూటర్ల సాయంతో రుజువైపోయింది, ఆ లెక్క కోసం ఎవరూ కొత్తగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. వీళ్లు గమనించింది వేరే. అంతకు ముందు వేగంగా విప్పిన యంత్రాలు స్టెప్పర్ మోటార్లు వాడాయి, మోటారు మారిస్తే వేగం పెరుగుతుంది. 20 మలుపులనుకుంటే ఒక్కో మలుపుకు 20 మిల్లీసెకన్లు కూడా దక్కవు. కెమెరా చూడటం, లెక్క తేలడం కూడా ఆ సమయంలోనే. ఒక ముఖాన్ని 90 డిగ్రీలు తిప్పి ఠక్కున ఆపగల ఒక్క కీలు కుదిరితే మిగతా ఐదు దాని నకళ్లే.

మొదటి అభ్యంతరం: ఎమ్‌ఐటీలో గైడు ఉంటారు, ల్యాబు ఉంటుంది, పాడైతే ఇంకో మోటారు తెప్పించడానికి డబ్బుంటుంది. అవి మన కాలేజీల్లో చాలావాటిలో లేవు, ఈ తేడాను చిన్నబుచ్చడం అబద్ధమవుతుంది. కానీ ఒకే విషయాన్ని వరసగా రెండు థీసిస్‌లకు ఎంచుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. మన పిల్లలు మినీ ప్రాజెక్టుకు ఒక టాపిక్, మేజర్ ప్రాజెక్టుకు సంబంధం లేని ఇంకో టాపిక్ తీసుకుంటారు. రెండోదాంట్లో మొదటిదాని మీద ఒక్క పేజీ కూడా ఆధారపడదు. ఆ అలవాటు ఒక్కటి మార్చుకుంటే పైసా ఖర్చు లేకుండా రెండేళ్లు కలిసొస్తాయి.

ఇప్పుడు ఒక కీలును దగ్గరగా చూద్దాం. రోబో చేయికి భుజం కీలు అనుకుందాం. చేయి పొడవు 20 సెంటీమీటర్లు, కొసన 200 గ్రాముల వస్తువును ఎత్తాలి. చేయి నేలకు సమాంతరంగా చాచి ఉన్నప్పుడు భారం అన్నిటికంటే ఎక్కువ. వస్తువు వల్ల 0.2 కిలోలు ఇంటూ 20 సెంటీమీటర్లు, అంటే 4 కేజీ-సెంమీ. చేయి తన బరువు 150 గ్రాములనుకుంటే, అది సగం దూరంలో ఉన్నట్టు లెక్క కాబట్టి ఇంకో 1.5. మొత్తం 5.5. కోఠీ గుజరాతీ గల్లీలో తేలిగ్గా దొరికే ఎంజీ996ఆర్ సర్వో వివరాల్లో 4.8 వోల్టుల దగ్గర 9.4 కేజీ-సెంమీ అని ఉంటుంది. ఐదున్నరకు తొమ్మిదిన్నర ఉంది, సరిపోయిందనుకుంటారు. సరిపోదు. ఆ 9.4 అన్నది సర్వో ఇక తిరగలేక ఆగిపోయే చోటు. అక్కడ తిరగడం సున్నా, లాగే కరెంటు గరిష్ఠం, అదంతా వేడి. రోజూ పనిచేయాల్సిన కీలును అందులో మూడోవంతు దగ్గర, అంటే సుమారు 3 కేజీ-సెంమీ దగ్గర నడిపించడం మేలు. మన భారం అప్పటికే సగం దాటింది. చేయి పైకి లేస్తుంది, చప్పట్లు కూడా కొడతారు, ఐదు నిమిషాలకు సర్వో ఒళ్లు కాలిపోతుంది.

దానికి తోడు కరెంటు తంటా. చాలామంది సర్వో ఎర్ర తీగను నేరుగా ఆర్డుయినో 5 వోల్టుల పిన్నుకు పెడతారు, బోర్డును ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి పెడతారు. ఊనో బోర్డు మీద యూఎస్‌బీ దారిలో 500 మిల్లీఆంపియర్ల ఫ్యూజు ఉంది. ఈ సర్వో ఆగిపోయినప్పుడు 6 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు లాగుతుంది, కదలడం మొదలుపెట్టిన క్షణంలో కూడా దాదాపు అంతే అడుగుతుంది. వోల్టేజి కుప్పకూలుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, చేయి మొదటి స్థానానికి ఎగిరొస్తుంది, మళ్లీ బయల్దేరుతుంది, మళ్లీ అదే. చూసేవాళ్లకు అది అచ్చం కోడ్‌లో తప్పులాగే ఉంటుంది. హాస్టళ్లలో తెల్లవారుజాము దాకా డిలే విలువలు మార్చుతూ కూర్చునేది దీనికోసమే. కనిపెట్టడం సులువు: కోడ్‌లో సెటప్ భాగంలో ‘మొదలైంది’ అని ఒక ముక్క ప్రింటు చేయించండి. సీరియల్ మానిటర్‌లో అది ఒక్కసారే రావాలి. చేయి కదిలినప్పుడల్లా మళ్లీ మళ్లీ వస్తుంటే తప్పు కోడ్‌ది కాదు, సప్లైది. సర్వోకు విడిగా 5 లేదా 6 వోల్టుల 3 ఆంపియర్ల సప్లై, రెండింటికీ కలిపిన గ్రౌండ్, సర్వో పక్కనే వెయ్యి మైక్రోఫారాడ్ల కెపాసిటరు, ఇంతే మందు.

ఇక బరువు సంగతి. భుజానికి వెనకవైపు 5 సెంటీమీటర్ల దూరంలో 300 గ్రాములు కడితే చేయి తన బరువు వల్ల వచ్చిన 1.5 పూర్తిగా రద్దవుతుంది. మిగిలింది 4. మూడోవంతుకు ఇంకా రాలేదు. పెద్ద సర్వో కొనొచ్చు, లేదా అసలు 20 సెంటీమీటర్లు ఎందుకు అని అడగొచ్చు. వస్తువు 15 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుందని తేలితే భారం 3కు దిగుతుంది, ఉన్న సర్వోయే హాయిగా పనిచేస్తుంది. కొలత ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని వెనక్కి వెళ్లి అడగడం ఇంజినీరు చేసే అతి చవకైన మరమ్మతు. తర్వాత గేర్లలో ‘ప్లే’, అంటే పంటికీ పంటికీ మధ్య ఉండే ఖాళీ. భుజం దగ్గర ఒక్క డిగ్రీ వదులు ఉంటే 20 సెంటీమీటర్ల కొసన అది మూడున్నర మిల్లీమీటర్లవుతుంది, కోడ్ ఎంత బాగా రాసినా ఆ మూడున్నర పోదు. సర్వో కొమ్ము మీదే చేయి మొత్తాన్ని వేలాడదీస్తే ఇరుసు ఒక పక్కకు వంగి అరుగుతుంది. రెండో పక్కన ఒక చిన్న బేరింగు పెట్టి ఇరుసును రెండు వైపులా పట్టి ఉంచాలి. ఇన్ని సంగతులు ఒక్క భుజంలో ఉన్నాయి. ఆరు కీళ్ల చేయి కిట్ కొన్న విద్యార్థికి ఈ తప్పులన్నీ ఆరింతలై ఒకేసారి వచ్చిపడతాయి, దేనివల్ల ఏది వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

వీటిని కొలవడానికి ఖరీదైన పరికరాలు కావాలనేది రెండో అభ్యంతరం. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. సర్వో కొమ్ముకు 10 సెంటీమీటర్ల పట్టీ బిగించి, దాని కొసతో త్రాసును నొక్కించండి. త్రాసు చూపించే గ్రాములను పదితో గుణించి వెయ్యితో భాగిస్తే కేజీ-సెంమీ వస్తుంది. క్షణంపాటే నొక్కించాలి, లేకపోతే సర్వో కాలిపోతుంది. బజారులో అమ్మేవాటిలో నకళ్లు చాలా, పెట్టె మీద ఒకటుంటుంది, త్రాసు ఇంకోటి చెబుతుంది. ఆ తేడా మీ నోటుపుస్తకంలో మొదటి నిజమైన అంకె. వేగానికి ఫోన్ కెమెరా ఉంది. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో 60 డిగ్రీల కదలిక 0.17 సెకన్లు పడితే 41 ఫ్రేములు వస్తాయి, లెక్కపెట్టుకోవచ్చు. కచ్చితత్వానికి తాళంచెవుల గుత్తికి వేలాడే లేజర్ లైటును చేయికి కట్టి, రెండు మీటర్ల దూరంలో గోడమీద కాగితం అంటించండి. ఒక డిగ్రీ తేడా అక్కడ మూడున్నర సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. ఒకే కోణానికి ఇరవైసార్లు పంపి, ప్రతిసారీ చుక్క పడ్డచోట పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ చుక్కల గుంపు ఎంత వెడల్పో మీ కీలు అంత నమ్మదగింది.

పనిముట్ల మాటకొస్తే, కాలేజీ వర్క్‌షాపులో ఉన్న లేత్‌ను మొదటి సంవత్సరం ల్యాబు పరీక్ష తర్వాత ముట్టుకోని విద్యార్థులే ఎక్కువ. హైదరాబాద్‌లో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ ఉంది, 78 వేల చదరపు అడుగుల ప్రోటోటైపింగ్ కేంద్రం. బేరింగులకూ ఇరుసులకూ సికింద్రాబాద్ రాణిగంజ్ ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇరుసు తిప్పించుకోవడానికి పెద్ద సిఫార్సు ఏమీ అక్కర్లేదు, డ్రాయింగు మాత్రం సరిగ్గా ఉండాలి. ఎన్ని మిల్లీమీటర్లకు ఎంత తేడా ఒప్పుకుంటారో రాసి లేకపోతే మేస్త్రీ తన అందాజా ప్రకారం చేసి ఇస్తాడు, తప్పు మీది. ఇవేవీ అందుబాటులో లేని ఊళ్లో కూడా బోరు మోటార్లకు రీవైండింగ్ చేసే షాపు ఒకటి ఉంటుంది. కాలిన వైండింగ్ ఏ చుట్టు దగ్గర మొదలైంది, బేరింగు అరిగితే రోటరు ఎక్కడ రాసుకుంది, ఇవి ఆ షాపులో నేలమీద పడి ఉంటాయి. మెషీన్స్ సబ్జెక్టు పుస్తకంలో ఈ బొమ్మలు ఉండవు.

మూడో అభ్యంతరం ఉద్యోగాలది, దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో ఎక్కువ సాఫ్ట్‌వేర్‌వే. రెజ్యూమెలో పదాలు వెతికే వడపోత ఉంటుంది. ఐదు ప్రాజెక్టులు ఉన్నచోట ఒకటే పెడితే తక్కువగా కనిపిస్తుందన్న భయం అబద్ధం కాదు. వడపోత దాటడానికి మిగతా పేర్లు ఒక్క వరసలో రాసుకోండి, అడ్డులేదు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి అడిగే రెండో ప్రశ్న గురించి ఆలోచించండి. మొదటి ప్రశ్న ‘ఏం చేశావు’. దానికి ఐదు ప్రాజెక్టులున్నవాళ్లూ జవాబు చెప్పగలరు. రెండోది ‘ఈ మోటారే ఎందుకు’. అమీర్‌పేట ప్రాజెక్ట్ సెంటర్‌లో కోడ్‌తో, రిపోర్టుతో, పీపీటీతో సహా కొనుక్కున్న ప్రాజెక్టు అక్కడే చతికిలబడుతుంది. ‘మొదట 20 సెంటీమీటర్లు అనుకున్నాం, భారం సగం దాటింది, పొడవు తగ్గించాం, కొలిచిన అంకె ఇది’ అని చెప్పగలిగిన విద్యార్థి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లినా ఆ జవాబు పనికొస్తుంది, ఎందుకంటే అది లోపాన్ని భాగాలుగా విడదీసి పట్టుకున్న తీరు చెబుతోంది.

బ్రాంచి సమస్య కూడా తరచూ వినిపిస్తుంది. మెకానికల్‌వాళ్లకు సర్క్యూట్ అంటే జంకు, ఈసీఈవాళ్లకు ఆకురాయి పట్టుకోవడం నామోషీ, సీఎస్‌ఈవాళ్లకు రెండూ తమ పని కాదనిపిస్తుంది. పైన చెప్పిన రాజ్ రెడ్డి మద్రాసు గిండీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్, 1958లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత కంప్యూటర్ల వైపు వెళ్లి, రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ నడిపి, 1994లో ట్యూరింగ్ అవార్డు పొందారు. డిగ్రీ కాగితం మీది బ్రాంచి ఆయనకు అడ్డం రాలేదు. నలుగురి బ్యాచ్‌లో ఒకరు చేసి ముగ్గురు బైండింగు చేయించే ఆచారానికి కూడా ఒక్క కీలు కొంత విరుగుడే. మొదటి వెర్షన్‌లో కోడ్ రాసినవాళ్లు రెండో వెర్షన్‌లో బేరింగు సీటు గీయాలి, గీసినవాళ్లు సప్లై కొలవాలి అని ముందే ఒప్పందం చేసుకోవచ్చు. పని చిన్నది కాబట్టి మార్చుకున్నా మునిగిపోరు. ఆరు కీళ్ల రోబోలో ఈ మార్పిడి కుదరదు, గడువు ముంచుకొస్తుంది, పని వచ్చినవాళ్లే మళ్లీ చేస్తారు.

ఈమధ్య వినిపించే గట్టి వాదన ఇంకోటి ఉంది: అంతా సిమ్యులేషన్‌లో నేర్చుకుంటోంది, కోడ్ ఏఐ రాస్తోంది, చేతులు మసి చేసుకోవడం ఎందుకు? జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఆనిమల్ అనే నాలుగు కాళ్ల రోబోకు సిమ్యులేషన్‌లోనే నడక నేర్పి, 2019లో సైన్స్ రోబోటిక్స్ పత్రికలో ఆ పని ప్రచురించారు. ఈ వాదనకు అదే మంచి ఉదాహరణ అనిపిస్తుంది. అయితే అందులో వాళ్లకు ఇబ్బంది ఎక్కడ వచ్చిందో చూడాలి. ఎముకల్లాంటి కడ్డీలూ, వాటి బరువులూ కంప్యూటర్‌లో తేలిగ్గా లెక్కకు వచ్చాయి. ఆజ్ఞ ఇచ్చిన తర్వాత నిజం కీలు ఎంత ఆలస్యంగా, ఎంత బలంగా స్పందిస్తుందన్నది సమీకరణాలకు లొంగలేదు. అందుకని అసలు రోబో కీళ్ల నుంచి కొలతలు తీసుకుని, వాటితో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు తర్ఫీదు ఇచ్చి, దాన్ని సిమ్యులేషన్‌లో కీలు స్థానంలో పెట్టారు. అంటే ఏఐతో నడక నేర్పడానికి కూడా ముందు ఎవరో ఒకరు నిజం కీలును కొలవాల్సి వచ్చింది. ఏఐ రాసిచ్చే కోడ్ వల్ల ఈ పని విలువ తగ్గకపోగా, కోడ్ చవకయ్యేకొద్దీ కొలత విలువే పెరుగుతుందని నా అభిప్రాయం.

మిగిలింది, నా దృష్టిలో సగం ఒప్పుకోవాల్సిన అభ్యంతరం. పద్దెనిమిదేళ్లకే ఒక్కదానికి కట్టుబడితే, అది నచ్చకపోతే ఏం చేయాలి? నాలుగు రకాలు రుచి చూడొద్దా? చూడాలి. మొదటి ఏడాది, రెండో ఏడాది సగం దాకా కిట్లు కొనండి, పాత ప్రింటర్లు విప్పండి, బళ్లు నడపండి, రోబోకాన్ పోటీ టీముల్లో సీనియర్ల పక్కన స్క్రూలు బిగించండి. ఆ దశలో లోతు కోసం పట్టుబట్టడం చాదస్తం. కానీ ఆసక్తి ఎక్కడో సిద్ధంగా ఉంటుంది, వెతుక్కుంటే దొరుకుతుంది అనుకుని నాలుగేళ్లూ వెతుకుతూనే ఉండేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఏ యంత్రమైనా మొదటి వారం ఆసక్తిగానే ఉంటుంది, రెండో నెలలో విసుగు పుట్టిస్తుంది. ఆ విసుగు దాటిన తర్వాత, మొదటి కొలత తప్పని తేలి, రెండోసారి చేసినది మెరుగ్గా వచ్చినప్పుడు పుట్టే ఇష్టం వేరు. మొదటి వారంలోనే టాపిక్ మార్చుకుంటూ పోయేవాళ్లకు అది పరిచయమే కాదు. మూడు వెర్షన్లు చేసిన తర్వాత కూడా ఈ పని మీద మనసు లేదనిపిస్తే, ధైర్యంగా వదిలేయండి. అప్పుడు వదిలేస్తున్నదేమిటో తెలిసి వదిలేస్తారు.

మూడు వెర్షన్లు అన్నది ఊరికే చెప్పిన అంకె కాదు. మొదటిదాంట్లో కదిలిస్తారు, రెండోదాంట్లో కొలిచి సరిచేస్తారు, మూడోదాంట్లో ఒక భాగాన్ని కావాలని మారుస్తారు. ఉదాహరణకు సర్వో తీసేసి ఎన్‌కోడరు ఉన్న గేర్ మోటారు పెట్టి, కంట్రోల్ కోడ్ మీరే రాస్తారు. ప్రతి వెర్షన్‌కూ ఒక పేజీ చాలు: ఎంత అనుకున్నాం, ఎంత వచ్చింది, తేడా ఎందుకు. ఫొటోలో పక్కన స్కేలు పెట్టి తీయండి. తేదీ వేయండి. కాలిపోయిన సర్వోను చెత్తలో వేయకండి, కింద నాలుగు స్క్రూలు విప్పితే గేర్లన్నీ కనిపిస్తాయి. పళ్లు లెక్కపెట్టి ఎన్ని రెట్ల తగ్గింపో మీరే గుణించుకోండి, ఏ గేరు పన్ను అరిగిందో చూడండి.

మూడో వెర్షన్ కుదిరాక మోచేయి కట్టాలనిపిస్తుంది, కట్టండి. భుజానికి 10 సెంటీమీటర్ల దూరంలో మోచేతి దగ్గర ఇంకో ఎంజీ996ఆర్ బిగిస్తే, దాని 55 గ్రాములు భుజం మీద 0.55 కేజీ-సెంమీ కొత్త భారం వేస్తాయి. అంతకు ముందు 3 దగ్గర ఆపిన లెక్క మూడున్నర దాటుతుంది, మూడోవంతు హద్దు చెరిగిపోతుంది. మినీ చీతాలో మోకాలి మోటారును మోకాలి దగ్గర పెట్టకుండా పైన తుంటి దగ్గరే ఉంచి, బెల్టుతో మోకాలిని తిప్పింది ఈ లెక్క కోసమే. మీరూ మోచేతి సర్వోను భుజం దగ్గరికి జరిపి బెల్టు వేయొచ్చు. అప్పుడు బెల్టు సాగుతుంది, దాన్ని బిగించే ఏర్పాటు కావాలి, బిగిస్తే బేరింగు మీద పక్క ఒత్తిడి పెరుగుతుంది. భుజం పేజీ తీసి, పాత అంకెల పక్కన కొత్తవి రాయడం మొదలుపెట్టండి.